క్రిస్మస్ పండుగలో ఈసా (అ) గాథకు చోటెంత?

ప్రతి పండుగ కింద ఒక కథ ఉంటుంది. బక్రీద్ వెనుక ఇబ్రాహీం (అ) త్యాగం ఉంది. రంజాన్ వెనుక హిరా గుహలో మొదలైన ఖుర్ఆన్ అవతరణ ఉంది. దీపావళి వెనుక నరకాసుర వధ ఉంది. ఆ కథ ఇంట్లో చెప్పుకున్నంత కాలం అది పండుగ. కథ మరుగున పడితే మిగిలేది ఒక సెలవు రోజు, కొత్త బట్టలు, కడుపునిండా భోజనం. ఇవి చెడ్డవని కాదు. కానీ వీటి కోసం పండుగే అక్కర్లేదు, ఏ ఆదివారమైనా సరిపోతుంది.

ఈ మాట నేడు ఎక్కువగా వర్తించే పండుగ క్రిస్మస్. డిసెంబరు రెండో వారం దాటేసరికి మన పట్టణాల్లో పెద్ద దుకాణాల ముందు పత్తితో చేసిన మంచు, ప్లాస్టిక్ చెట్లు, ఎర్ర టోపీలు వెలుస్తాయి. మంచు కురవడం ఎన్నడూ చూడని ఊళ్లలో కూడా పత్తి మంచు కురుస్తుంది. తరగతి గదిలో క్రిస్మస్ అంటే ఏమిటని అడిగితే పిల్లల నోట ముందు వచ్చే మాటలు శాంటా తాత, కేకు, గిఫ్టు. ఒక తల్లి, ఒక పసిబిడ్డ, తల దాచుకునే చోటు లేని ఒక రాత్రి అనే మాటలు ఆ తరువాత ఎప్పుడో వస్తాయి. కొన్ని తరగతుల్లో అసలు రావు.

ముస్లిం సేవా సంస్థ వార్షిక సంచికలో క్రిస్మస్ ముచ్చట ఎందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. జవాబు మన ఈమాన్‌లోనే ఉంది. అల్లాహ్ పంపిన ప్రవక్తలందరినీ విశ్వసించడం మన విశ్వాసంలో విడదీయరాని భాగం. ఈసా (అ)ను ప్రవక్తగా అంగీకరించనివాడు ముస్లిం కాలేడు. కాబట్టి ఆ మహనీయుని జనన గాథ పక్కింటివారి కథ మాత్రమే కాదు, మన గ్రంథంలోనూ ఉన్న కథ. ఆ కథ ఏమిటి, పండుగ దాని నుంచి ఎలా దూరం జరిగింది, దూరం జరిగితే నష్టం ఎవరికి అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

సువార్తల్లో ఉన్నది, లేనిది

క్రైస్తవ సోదరుల కొత్త నిబంధనలో నాలుగు సువార్తలు ఉన్నాయి. వాటిలో యేసు జనన వృత్తాంతం చెప్పేవి రెండే: మత్తయి, లూకా. మార్కు సువార్త ఆయన పెద్దవాడయ్యాక బాప్తిస్మంతో మొదలవుతుంది. యోహాను సువార్తలోనూ పుట్టిన రాత్రి వర్ణన లేదు.

లూకా చెప్పిన ప్రకారం, రోమా చక్రవర్తి ఔగుస్తు ప్రజా సంఖ్య రాయించమని ఆజ్ఞ ఇచ్చాడు. అందుకోసం యోసేపు, నిండు గర్భిణి అయిన మరియ నజరేతు నుంచి బేత్లెహేముకు వెళ్లారు. సత్రంలో వారికి చోటు దొరకలేదు. పుట్టిన బిడ్డను పొత్తిగుడ్డల్లో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. ఆ వార్త మొదట అందింది రాజులకు కాదు, రాత్రివేళ పొలాల్లో మందలు కాస్తున్న గొర్రెల కాపరులకు. లూకా మరో చిన్న సంగతి కూడా రాశాడు. బిడ్డను దేవాలయానికి తీసుకెళ్లినప్పుడు సమర్పించాల్సిన కానుకగా పక్షుల జతను పేర్కొన్నాడు. మూసా (అ) ధర్మశాస్త్రం ప్రకారం ఇవ్వాల్సింది గొర్రెపిల్ల. దానికి స్తోమత లేనివారికే గువ్వలు లేదా పావురాల మినహాయింపు. అంటే అది పేదల ఇల్లని లూకా ఒక్క మాటతో తెలియజేశాడు.

మత్తయి చెప్పిన భాగం వేరు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసి వచ్చారు. బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పించారు. తన సింహాసనానికి పోటీ పుట్టాడని భయపడిన హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లలను చంపించాడు. యోసేపు తల్లీబిడ్డలను తీసుకుని రాత్రికి రాత్రే ఐగుప్తుకు పారిపోయాడు. నేటి భాషలో చెప్పాలంటే ఆ కుటుంబం శరణార్థి కుటుంబం.

మనం బొమ్మల్లో చూసే చాలా వివరాలు ఈ రెండు సువార్తల్లో లేవు. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురని తరువాతివారు అనుకున్నారు. వారు రాజులనీ లేదు. తొట్టి ప్రస్తావన ఉంది గానీ దాని చుట్టూ ఆవు, గాడిద నిలబడ్డాయని లేదు. తేదీ లేదు, నెల లేదు. ఉన్నవి మాత్రం గట్టి విషయాలు: పేదరికం, చోటు లేకపోవడం, కాపరుల ఆనందం, రాజు క్రౌర్యం, వలస.

హేరోదు కథ చెప్పగానే మన తెలుగు పిల్లలు వెంటనే కంసుణ్ణి గుర్తు చేస్తారు. ముస్లిం పిల్లలు ఫిరౌన్‌ను గుర్తు చేస్తారు. మూసా (అ) పుట్టిన కాలంలో ఫిరౌన్ బనీ ఇస్రాయీల్ మగపిల్లలను చంపించిన సంగతి ఖుర్ఆన్ చెబుతుంది. సింహాసనం మీద కూర్చున్నవాడు ఉయ్యాలలోని బిడ్డను చూసి వణికిపోవడం అందరికీ అర్థమయ్యే సంగతి. దానికి మతం అడ్డు రాదు.

ఖుర్ఆన్‌లో మర్యం (అ)

దివ్య ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడిన ఏకైక స్త్రీ మర్యం (అ). 19వ సూరా ఆమె పేరు మీదే ఉంది. 3వ సూరా ఆలి ఇమ్రాన్‌లో ఆమె పుట్టుక నుంచి కథ మొదలవుతుంది. ఇమ్రాన్ భార్య తన కడుపులోని బిడ్డను అల్లాహ్ సేవకు అంకితం చేస్తానని మొక్కుకుంది. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు మర్యం అని పేరు పెట్టింది. అల్లాహ్ ఆ పిల్లను ప్రీతితో స్వీకరించాడు. సంరక్షణ బాధ్యత జకరియా (అ)కు దక్కింది. ఆయన ఆమె ఉండే గదికి వెళ్లినప్పుడల్లా అక్కడ ఆహారం కనిపించేది. ఎక్కడిదమ్మా అని అడిగితే అల్లాహ్ దగ్గరిదని ఆమె జవాబు. ఆడపిల్ల పుట్టిందని ముఖం ముడుచుకునే ఇళ్లు ఇంకా ఉన్న సమాజంలో ఈ భాగాన్ని ఎన్నిసార్లు చదివినా తక్కువే.

సూరా మర్యంలో ప్రసవ ఘట్టం ఉంది. దైవదూత మానవ రూపంలో వచ్చి పుత్రుని గురించి శుభవార్త ఇచ్చాడు. తనను ఏ పురుషుడూ తాకలేదు కదా అని ఆమె ఆశ్చర్యపోయింది. అది అల్లాహ్‌కు సులభమేనని జవాబు వచ్చింది. ఆమె గర్భంతో దూరంగా వెళ్లిపోయింది. నొప్పులు ఆమెను ఒక ఖర్జూరపు చెట్టు మొదలు దగ్గరికి చేర్చాయి. ఇంతకు ముందే చనిపోయి, అందరూ మరచిపోయి ఉంటే బాగుండేదని ఆమె బాధతో అనుకుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఇంత గొప్ప స్త్రీ నోట నిస్పృహ మాట వచ్చిందని ఖుర్ఆన్ దాచలేదు. ఆమెను మందలించనూ లేదు. కింది నుంచి ఒక పిలుపు వినిపించింది: దుఃఖించవద్దు, నీ దిగువన నీటి ఊట ఉంది, ఈ చెట్టును నీ వైపు కదిలించు, తాజా పండ్లు రాలతాయి, తిను, తాగు, కళ్లు చల్లబరచుకో అన్న భావం ఆ పిలుపులో ఉంది. బాలింతకు ముందు కావలసినవి నీరు, ఆహారం, ధైర్యం. ఆ మూడూ వరుసగా అందాయి. ప్రసూతి వార్డుల ముందు నిలబడి మనం చేసే సేవకు ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది?

లూకా కథలో మరియ పక్కన యోసేపు ఉన్నాడు. ఖుర్ఆన్ కథలో ఆమె పక్కన మనిషి ఎవరూ లేరు. చెట్టు, నీరు, అల్లాహ్ కారుణ్యం మాత్రమే ఉన్నాయి. తరువాత బిడ్డను ఎత్తుకుని జనం మధ్యకు వచ్చింది. వారు నిందలు మొదలుపెట్టారు. ఆ రోజు మౌనవ్రతం పాటించమని ఆమెకు ఆదేశం ఉంది కాబట్టి బిడ్డ వైపు సైగ చేసింది. ఉయ్యాలలోని బిడ్డ మాట్లాడాడు. తాను అల్లాహ్ దాసుడినని, తనకు గ్రంథం, ప్రవక్త పదవి లభించాయని, బతికినంత కాలం నమాజు, జకాత్ పాటించమని, తల్లి పట్ల మంచిగా మసలమని తనకు ఆదేశం ఉందని చెప్పాడు. పసిబిడ్డ నోట పలికిన మొదటి మాటల్లోనే జకాత్ ఉందన్న సంగతిని సేవా సంస్థలకు తోడుగా నిలిచే మనమంతా మనసులో పెట్టుకోవాలి.

తేడాలు దాచనక్కర్లేదు

రెండు కథలూ ఒకటేనని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం సులభం. కానీ అది నిజాయితీ కాదు. క్రైస్తవుల దృష్టిలో క్రిస్మస్ ఒక ప్రవక్త పుట్టినరోజు కాదు, దేవుడే మనిషిగా వచ్చిన రోజు. మన దృష్టిలో ఈసా (అ) అల్లాహ్ దాసుడు, ప్రవక్త, మసీహ్. తండ్రి లేకుండా పుట్టడం దైవత్వానికి గుర్తు కాదని, ఆదం (అ) తల్లి, తండ్రి ఇద్దరూ లేకుండానే పుట్టాడని ఖుర్ఆన్ సాదృశ్యం చూపింది. సిలువ విషయంలోనూ తేడా ఉంది. ఈ తేడాలు చిన్నవి కావు. వాటిని చిన్నవి చేసి చూపితే ఇరువైపులా ఎవరికీ గౌరవం దక్కదు.

అయితే తేడా ఉన్నచోట మర్యాద ఎలా నిలబడుతుందో మన చరిత్రే నేర్పింది. 615 ప్రాంతంలో మక్కా వారి హింస భరించలేక కొందరు ముస్లింలు సముద్రం దాటి అబిసీనియా చేరారు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. వీరిని తిరిగి అప్పగించమని మక్కా నుంచి దూతలు కానుకలతో వచ్చారు. మీ ప్రవక్తకు అవతరించినదాంట్లో ఏదైనా వినిపించమని రాజు అడిగాడు. అబూ తాలిబ్ కుమారుడు జాఫర్ (రజి) సూరా మర్యం ప్రారంభ భాగాన్ని వినిపించారు. రాజు గడ్డం తడిసేలా ఏడ్చాడని, శరణార్థులను అప్పగించేది లేదన్నాడని సీరత్ గ్రంథాలు చెబుతాయి. మరుసటి రోజు దూతలు పన్నాగం మార్చారు. ఈసా (అ) గురించి వీరు ఏమంటారో అడగమన్నారు. జాఫర్ (రజి) మాట మార్చలేదు. అల్లాహ్ దాసుడు, ప్రవక్త అనే చెప్పారు. అయినా ఆశ్రయం నిలిచింది.

ఆలోచించి చూస్తే, పరాయి దేశంలో తొలి ముస్లింలకు నీడ దొరకడంలో మర్యం (అ) గాథకు పెద్ద పాత్రే ఉంది. ఆ రాజుకు క్రిస్మస్ అంటే కేకు, టోపీ మాత్రమే అయి ఉంటే ఆ వాక్యాలు విని కన్నీరు వచ్చేదా? కథ తెలిసిన మనిషి కాబట్టే గుర్తుపట్టాడు. పొరుగువారు తమ కథను మరచిపోతే మనకేమిటిలే అనుకునేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. ఇరువైపులా కథ తెలిసినవారు ఉన్నప్పుడే మాట కలుస్తుంది.

డిసెంబరు 25 ఎలా వచ్చింది?

తొలి క్రైస్తవుల ప్రధాన పండుగ ఈస్టర్. పుట్టినరోజు పండుగ తరువాత వచ్చింది. 2వ శతాబ్దం చివర అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంట్ అనే పండితుడు యేసు పుట్టిన తేదీ గురించి నాడు వినిపించే వేర్వేరు లెక్కలు రాశాడు. వాటిలో డిసెంబరు 25 లేదు. ఆ తేదీ స్పష్టంగా కనిపించేది 354లో రోమ్‌లో కూర్చిన ఒక పంచాంగంలో. అందులోని ఆ జాబితా 336 నాటిదని చరిత్రకారులు భావిస్తారు.

ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారన్న దానికి రెండు వాదాలు ఉన్నాయి. రోమన్ల సూర్యారాధన పండుగ స్థానంలో దీన్ని పెట్టారని ఒకటి. చక్రవర్తి ఔరేలియన్ 274లో సూర్యదేవుని ఆరాధనను రాజ్య ఆరాధనగా నిలబెట్టిన మాట నిజం. గర్భధారణ మార్చి 25న జరిగిందని నమ్మి, అక్కడి నుంచి తొమ్మిది నెలలు లెక్కించారని రెండోది. ఏది సరైనదో పండితులు ఇంకా చర్చిస్తూనే ఉన్నారు. ఆర్మేనియా చర్చి నేటికీ జనవరి 6న జరుపుతుంది. పాత జూలియన్ పంచాంగాన్ని పాటించే రష్యా చర్చి జనవరి 7న జరుపుతుంది. ఈజిప్టులోని కాప్టిక్ క్రైస్తవులకూ పండుగ జనవరి 7నే.

ఈ వివరాలు చేతపట్టుకుని క్రైస్తవ మిత్రులతో వాదానికి దిగేవారు మనలో కొందరున్నారు. మాకు అది సరైన పనిగా తోచదు. తేదీ గ్రంథంలో లేదని వారి పండితులకూ తెలుసు. వారు తేదీని కాదు, జననాన్ని తలచుకుంటున్నారు.

పశువుల పాక, చెట్టు, ఎర్రకోటు తాత

కథను పండుగ నడిమధ్యకు తెచ్చిన వ్యక్తి ఇటలీకి చెందిన అస్సీసీ ఫ్రాన్సిస్. 1223లో గ్రెచ్చో అనే ఊళ్లో ఆయన గడ్డి పరచిన తొట్టిని, ఆవును, గాడిదను తెప్పించి ఆ రాత్రిని చదువు రాని జనానికి కళ్లముందు నిలిపాడు. నేడు చర్చిల్లో కనిపించే పశువుల పాకకు ఆదరణ పెరగడానికి అది ఒక ముఖ్య కారణం. దీనికి నాలుగేళ్ల ముందు, 1219లో, క్రూసేడు యుద్ధం నడుస్తుండగా ఆయనే ఈజిప్టులో దమియెత్తా దగ్గర సైనిక శిబిరం దాటి సుల్తాన్ మలిక్ అల్ కామిల్‌ను కలిశాడు. సుల్తాన్ ఆయనను మర్యాదగా చూసి క్షేమంగా పంపించాడు. పేదబిడ్డ తొట్టిని జనానికి చూపించిన మనిషి, శత్రువుల శిబిరానికి ఆయుధం లేకుండా నడిచి వెళ్లిన మనిషి ఒక్కరే.

పండుగ హంగులు కథను మింగేస్తున్నాయన్న బాధ కొత్తదేమీ కాదు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్‌ను నిషేధించింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 వరకు ఈ పండుగ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది. నిషేధించినవారు క్రైస్తవులే. బైబిల్లో లేని పండుగ, తాగుడుకు సాకు అన్నది వారి వాదన. మీలాద్ ఊరేగింపుల మీద మన మధ్య జరిగే చర్చలు విన్నవారికి ఈ వాదన పరిచయంగానే ఉంటుంది.

నేటి రూపం ఎక్కువగా 19వ శతాబ్దానిది. 1843లో చార్లెస్ డికెన్స్ రాసిన క్రిస్మస్ నవలిక వచ్చింది. అమ్మకానికి పెట్టిన తొలి క్రిస్మస్ కార్డు కూడా ఆ ఏడాదిదే. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ లండన్ పత్రికలో అచ్చయింది. జర్మనీ ఇళ్లలోని ఆ అలవాటు దానితో ఊరూరా పాకింది.

శాంటా తాత కథ మరీ ఆసక్తికరమైనది. నికోలస్ 4వ శతాబ్దపు బిషప్. ఆయన ఊరు మైరా, నేటి టర్కీలో ఉంది. ఒక పేద తండ్రి కట్నం ఇవ్వలేక ముగ్గురు కూతుళ్లతో అవస్థ పడుతుంటే, నికోలస్ రాత్రిపూట ఎవరికీ తెలియకుండా బంగారం మూట ఇంట్లో పడేసేవాడని ప్రతీతి. ఈ పేరే డచ్చివారి నోట మారి అమెరికా చేరింది. 1823లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పత్రికలో వచ్చిన పద్యం ఆయనకు జింకల బండి ఇచ్చింది. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు బొద్దు రూపం ఇచ్చాడు. 1931 నుంచి ఒక శీతల పానీయం ప్రకటనలు ఎర్రకోటు తాతను లోకమంతా తిప్పాయి.

కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నంత గుప్తంగా సదఖా ఇచ్చిన మనిషి చివరికి అమ్మకాల బొమ్మ అయ్యాడు. గుప్తదానం చేసినవాడి పేరుతో ప్రదర్శన జరుగుతోంది. కట్నం బాధ తెలిసిన మన సమాజం ఈ సంగతిని నవ్వి వదిలేయడానికి లేదు.

తెలుగు నేల మీద

తెలుగు నాట మాత్రం కథ పూర్తిగా మరుగున పడలేదని చెప్పాలి. డిసెంబరు రాగానే మాలపల్లెల్లో, కాలనీల్లో ఇళ్ల మీద కాగితం నక్షత్రాలు వెలుగుతాయి. అది అలంకారమే, కానీ జ్ఞానులకు దారి చూపిన చుక్కకు గుర్తు. రాత్రిపూట పాటల బృందాలు ఇంటింటికీ వెళతాయి. సండే స్కూలు పిల్లలు దుప్పటి కప్పుకుని కాపరులవుతారు, బంగారు కాగితం కిరీటాలతో జ్ఞానులవుతారు. వేషం వేసిన పిల్లవాడు ఆ కథను జీవితంలో మరచిపోడు. ఉపాధ్యాయులుగా ఇది మాకు రోజూ అనుభవమే. వందసార్లు వల్లించిన పాఠం కంటే ఒక్కసారి ఆడిన నాటకం ఎక్కువ గుర్తుంటుంది.

మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. కరువు కాలంలో జనానికి ఊరికే గంజి పోయడం కాకుండా పని ఇచ్చి తిండి పెట్టాలని పాస్నెట్ దొర ఆ నిర్మాణాన్ని సాగించాడని ఆ ప్రాంతమంతా చెప్పుకుంటారు. అక్కడి రంగుటద్దాల కిటికీల్లో ఒకటి యేసు జననాన్ని చూపుతుంది. ఆకలితో ఉన్నవారి చేతులతో లేచిన గోడల మీద చోటు దొరకని బిడ్డ బొమ్మ నిలవడం తగినదే.

పండుగనాడు క్రైస్తవుల ఇంటి నుంచి అరిసెలు, కజ్జికాయలు, కేకు ముక్క వస్తాయి. రంజాన్‌కు మన ఇంటి నుంచి షీర్ ఖుర్మా వెళుతుంది. ఇది తరతరాల మర్యాద. దీనికి తోడు కథ కూడా గడప దాటాలన్నదే మా కోరిక.

బైత్ లహమ్‌లో

బేత్లెహేమును అరబీలో బైత్ లహమ్ అంటారు. అది పాలస్తీనాలోని పట్టణం. ఈసా (అ) జన్మస్థలంగా భావించే చోట 4వ శతాబ్దంలో కట్టిన చర్చి 6వ శతాబ్దంలో తిరిగి నిర్మించబడింది, నేటికీ ఉంది. 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని ప్రధాన ద్వారం ఎంత చిన్నదంటే పెద్దలు తల వంచనిదే లోపలికి వెళ్లలేరు. ఖలీఫా ఉమర్ (రజి) ఈ పట్టణానికి వచ్చి ఇక్కడ నమాజు చేశారని ప్రతీతి. చర్చి ఎదుట చౌరస్తాకు అవతలి పక్క ఆయన పేరుతోనే మసీదు ఉంది. అజాన్, గంటలు ఒకే గాలిలో వినిపించే చోటు అది.

2023 డిసెంబరులో గాజాపై యుద్ధం సాగుతుండగా ఆ పట్టణం క్రిస్మస్ సంబరాలను రద్దు చేసుకుంది. దీపాలు లేవు, పెద్ద చెట్టు లేదు. అక్కడి లూథరన్ చర్చి ఒక పని చేసింది. తొట్టికి బదులు విరిగిన కాంక్రీటు గుట్ట పేర్చి, పసిబిడ్డ బొమ్మకు పాలస్తీనా రుమాలు చుట్టి ఆ శిథిలాల మధ్య పడుకోబెట్టింది. అలంకారాలన్నీ తీసేశాక మిగిలింది కథ ఒక్కటే. అది మరింత స్పష్టంగా వినిపించింది. చోటు దొరకని తల్లి, ప్రాణభయంతో పారిపోయే కుటుంబం, పిల్లల చావు. రెండు వేల ఏళ్లనాటి కథలో పాతబడినది ఏమీ లేదని లోకానికి తెలిసింది.

మన పండుగల సంగతేమిటి?

ఇతరుల పండుగలో కథ తగ్గిపోయిందని వేలు చూపే ముందు మన వాకిలి ఊడ్చుకోవాలి. రంజాన్ అంటే ఏమిటని హైదరాబాదు దారిన పోయేవారిని అడిగితే హలీం అనే జవాబు రావచ్చు. చార్మినార్ సంతలో అర్ధరాత్రి దాకా కొనుగోళ్లు చేసేవారిలో ఆ రాత్రులు ఎందుకు విలువైనవో పిల్లలకు చెప్పేవారు ఎందరు? బక్రీద్‌కు మేక ధర తెలిసిన పిల్లవాడికి ఇస్మాయీల్ (అ) తండ్రితో ఏమన్నాడో తెలుసా? హాజరా (అ) దాహంతో ఉన్న బిడ్డ కోసం సఫా, మర్వాల మధ్య పరుగెత్తిన కథను ఎన్ని ఇళ్లలో తల్లులు చెబుతున్నారు? బజారుకు మతం లేదు. అది మొదట ఒకరి పండుగను సరుకుగా మారుస్తుంది, ఆ తరువాత పక్కవారిదీ మారుస్తుంది.

మనం చేయగలిగినవి

పాఠశాలల్లో క్రిస్మస్ ముందు రోజు ఎర్ర టోపీలు పంచడానికి పెట్టే ఖర్చు, శ్రమ లేకుండానే ఒక మంచి పని చేయవచ్చు. క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థిని తమ కథను తన మాటల్లో చెప్పమనాలి. తరువాత ముస్లిం విద్యార్థిని మర్యం (అ) గాథను చెప్పమనాలి. ఎవరినీ ఎవరితో పోల్చి మార్కులు వేయకూడదు. వినడం నేర్పాలి. ఒక పీరియడు చాలు.

ఇళ్లలో సూరా మర్యంను అర్థంతో చదివించాలి. అరబీ పారాయణంతో పాటు తెలుగు భావం కూడా పిల్లలకు అందాలి. చిలుకూరి నారాయణరావు గారు 20వ శతాబ్దం తొలి భాగంలోనే ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆయన ముస్లిం కారు, పండితులు. పొరుగువారి గ్రంథం తెలుసుకోవాలన్న ఆయన పట్టుదలలో సగమైనా మనకు ఉండాలి.

పండుగ శుభాకాంక్షలు చెప్పవచ్చా అన్న విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలు ఉన్నాయి. ఆ తీర్పు ఇవ్వడం మా పని కాదు. ఎవరి ఆలిమ్‌ను వారు అడిగి తెలుసుకోవాలి. కానీ పొరుగువారితో మంచిగా మసలడం, వారు పూజించేవాటిని దూషించకపోవడం, న్యాయంగా వ్యవహరించడం విషయంలో భేదాభిప్రాయం లేదు. అవి ఖుర్ఆన్ ఆదేశాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, కథ చెప్పే పనిని చేసి చూపడం. డిసెంబరు చలిలో ప్రభుత్వాసుపత్రి ప్రసూతి విభాగం బయట నేల మీద పడుకునే బంధువులు ఉంటారు. తోడు లేని బాలింతలు ఉంటారు. బస్టాండులో బిడ్డను దుప్పటిలో దాచుకున్న వలస కూలీ తల్లులు ఉంటారు. వారికి ఒక దుప్పటి, వేడి పాలు, నాలుగు ఖర్జూరాలు, ఒక ధైర్యం మాట ఇచ్చినవారు మర్యం (అ) గాథను సరిగ్గా చదివినవారు. ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయకపోతే నికోలస్ కథను కూడా సరిగ్గా అర్థం చేసుకున్నవారవుతారు.

సత్రంలో చోటు లేదన్న మాట వినని ఊరు లేదు. ఆ మాట మన గడప దగ్గర వినబడకుండా చూసుకునే శక్తిని, ప్రవక్తల గాథలను పిల్లలకు అందించే తీరికను, పొరుగువారి కథను గౌరవంగా వినే మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.